మెట్ల కింద గుమస్తా

బజారులో అతన్ని కాటా మేస్త్రి అంటారు. కిరాణా కొట్లలో, కూరగాయల మండీలో, ఇనుప సామాను గోదాముల్లో ఎలక్ట్రానిక్ కాటాలు మొరాయిస్తే కబురు అతనికే వస్తుంది. విప్పి, దుమ్ము దులిపి, లోపలి తీగలు సరిచేసి, సంచిలోని తూకపురాళ్ళు ఒక్కొక్కటే పళ్ళెం మీద పెట్టి చూసుకుని, అంకె కుదురుగా నిలిచాకే లేస్తాడు. ఒకసారి ఒక కొట్టు యజమాని కుర్చీ వేసి కూర్చోబెట్టి, "కాస్త మనవైపు మొగ్గేలా చూడు మేస్త్రీ, నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుస్తుంది?" అంటే, మారుమాట లేకుండా సంచి సర్దుకుని వచ్చేశాడు. ఆ కథ ఇంట్లో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ ఆ యజమాని కొంచెం లావయ్యేవాడు, మేస్త్రి కొంచెం పొడుగయ్యేవాడు.

ఇంట్లో నలుగురు. కింద మేస్త్రి, మందుల షాపులో పనిచేసే అతని భార్య. పైన తమ్ముడు, మరదలు. తమ్ముడు బీమా కంపెనీ తరఫున దెబ్బతిన్న బండ్లను చూసి ఫొటోలు తీసి పంపే సర్వేయరు. మరదలు బడిలో లెక్కలు చెప్పేది. ఆ బడి మూతపడ్డాక ఇంట్లోనే ఉంటూ, ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే ఉద్యోగాలకు అర్జీలు పెట్టుకుంటోంది. వంట కిందే, అందరికీ కలిపి. ఆ వీధిలో ఫోను సిగ్నల్ ఎప్పుడూ అంతంత మాత్రం. ఏం చేయాలన్నా ఇంటికి వేయించుకున్న నెట్టే దిక్కు.

ఆ నెట్టు కంపెనీవాళ్ళు ఇచ్చిన రౌటరు రోజుకోసారి మూర్ఛపోయేది. తీసి పెడితే లేచేది, మళ్ళీ పడిపోయేది. దాంతో విసుగెత్తి మేస్త్రి ఒక ఆలోచన చేశాడు. పాత కంప్యూటరుకు ఇంకో నెట్ కార్డు తగిలిస్తే అదే రౌటరు పని చేస్తుందని ఎక్కడో చదివాడు. బజారు చివర పాత కంప్యూటర్లు అమ్మే అతను ఒకడున్నాడు. అతన్ని అందరూ డొక్కు అంటారు, ఆ పేరుకు అతనూ నవ్వుతూనే పలుకుతాడు. ఏదో ఆఫీసు మూసేస్తూ వదిలించుకున్న కంప్యూటర్ల గుట్టలోంచి మేస్త్రి ఒకటి ఏరుకున్నాడు. దానికి రెండో కార్డు పెట్టాడు. ఉచితంగా దొరికే ప్రోగ్రామును పెన్‌డ్రైవ్‌లోంచి ఎక్కించాడు. బయటినుంచి వచ్చే తీగ ఒక కార్డులోకి, ఇంట్లోని వైఫై డబ్బాకు వెళ్ళే తీగ రెండో కార్డులోంచి. మధ్యలో కంప్యూటరు కూర్చుని ఎవరిది వాళ్ళకు పంచాలి.

మెట్ల కింద ఖాళీలో దాన్ని కూర్చోబెట్టి, ప్రారంభోత్సవం చేసినంత హుందాగా స్విచ్ వేశాడు. ఇంట్లో ఉన్న కాస్త నెట్టు కూడా పోయింది. తమ్ముడు పైనుంచి కేకలు. మేస్త్రి చెమటలు కక్కుతూ కేబుళ్ళు పీకి పెడుతున్నాడు. మరదలు మెట్లమీద కూర్చుని కాసేపు చూసింది.

"బావగారూ, పుట్టింటి తీగ అత్తింట్లో, అత్తింటి తీగ పుట్టింట్లో పెట్టారేమో చూడండి."

అదే జరిగింది. మార్చి పెట్టగానే ఇల్లంతా నెట్టు గలగలా పారింది. ఆ రోజంతా నవ్వులే. ఎవరి సరుకు వాళ్ళకు అందిస్తోంది కాబట్టి దానికి గుమస్తా అని పేరు పెట్టింది కూడా మరదలే. పొద్దున లేవగానే, "గుమస్తాగారు లేచారా?" అని అడగడం ఇంట్లో అలవాటైపోయింది. నిజానికి గుమస్తా ఎన్నడూ పడుకోలేదు. నెలల తరబడి ఒక్కసారి కూడా ఆగకుండా పనిచేసింది. మేస్త్రి కాలరు ఎగరేసుకుని తిరిగాడు.

ఆ పెట్టెలో ఇంకో సంగతి ఉంది. మేస్త్రి తన ఫోనులోంచి దాని తెర తెరిస్తే ఇంట్లోని ప్రతి ఫోనూ, ప్రతి ల్యాప్‌టాపూ వరుసగా కనిపించేవి. ఒక్కోదానికి ఇంతకు మించి వేగం పోకూడదని హద్దు పెట్టవచ్చు. మొదట్లో దాన్ని అందరికీ చెప్పే వాడాడు. తమ్ముడు ఫొటోలు పంపే వేళ మిగతావాళ్ళను కాస్త తగ్గించేవాడు. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

ఒక ఆదివారం మేస్త్రి భార్య అన్నగారు భోజనానికి వచ్చాడు. మెట్ల కింద ఆ పెట్టెను, ఎండాకాలమని దాని ముందు పెట్టిన టేబుల్ ఫ్యాన్‌ను చూసి, "ఏంటి బావా ఇది? అరచేతిలో పట్టేంత రౌటర్లు దొరుకుతుంటే ఈ బీరువా ఎందుకు?" అన్నాడు. మేస్త్రి వివరంగా చెప్పడానికి గొంతు సవరించుకున్నాడో లేదో, వడ్డిస్తున్న మరదలు అందుకుంది.

"అదేంటి అన్నయ్యగారూ, అలా అంటారు? ఉక్కపోస్తే ఫ్యాను, వానొస్తే దుప్పటి. మా అక్కకి ఇంత సేవ ఎప్పుడైనా జరిగిందేమో అడగండి!"

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది మేస్త్రి భార్యే. మేస్త్రి కూడా నవ్వాడు. కానీ పెరుగన్నం దాకా ఆగకుండా లేచి చెయ్యి కడుక్కున్నాడు.

చుట్టం వెళ్ళిపోయాక మేస్త్రి వాలు కుర్చీలో కూర్చుని ఫోను తీశాడు. వరుసలో మరదలి ల్యాప్‌టాప్ పేరు కనిపించింది. ఊరికే చూద్దామనుకున్నాడు. హద్దు పెట్టాడు, చుక్క చుక్కగా రాలేంత తక్కువగా. ఫోను పేరు కూడా కనిపిస్తే దానికీ పెట్టాడు. కాసేపటికి మెట్లమీద అడుగుల చప్పుడు.

"బావగారూ, మీ గుమస్తాకి నామీద కోపం వచ్చినట్టుంది. నత్తలా నడుస్తోంది. కాస్త చూస్తారా?"

"చూద్దాంలే అమ్మా. ఈ పేపరు కానివ్వు."

ఆమె గడప దగ్గర నిలబడింది. అతను చదివిందే మళ్ళీ చదివాడు. తర్వాత లేచి పెట్టె దగ్గరికి వెళ్ళి, రెండు తీగలు అనవసరంగా కదిపి, ఫోనులో హద్దు తీసేశాడు.

"వచ్చేసింది! మీరు లేకపోతే ఈ ఇంట్లో ఏదీ నడవదు బావగారూ" అంటూ ఆమె పైకి పరుగెత్తింది.

ఆ మాట అతనికి తియ్యగా తగిలింది. ఇక్కడితో ఆగి ఉంటే ఒక పిల్లచేష్ట కింద పోయేది. ఆగలేదు. ఆమె మాటకు మాట చెప్పిన రోజు, పేపరులో చదివిన అంకెను అతను తప్పు చెబితే దిద్దిన రోజు, పిలిస్తే వెంటనే పలకని రోజు మేస్త్రి వేలు ఆ హద్దు మీదికి పోయేది. ఆమె దిగివచ్చి అడిగేది. అతను ఆమెను కాసేపు నిలబెట్టేవాడు, తర్వాత బాగుచేసేవాడు. పాపం ఆమె అందరితో, "నాకు నెట్టు అచ్చిరాదు, మా బావగారి చేతి చలవే" అని చెప్పుకునేది. భార్యకు తెలియదు, తమ్ముడికి తెలియదు. అడిగేవాళ్ళు లేరు కాబట్టి అతను తనను తాను కూడా ప్రశ్నించుకోలేదు.

తర్వాత ఒక పొద్దున సిమెంటు గోదాములో లారీలు తూచే పెద్ద కాటా పాడైందని కబురొచ్చింది. ఊరికి దూరం, కొన్ని రోజులు అక్కడే ఉండాలి. బయల్దేరే ముందు తమ్ముడి స్నేహితుడు ఒకతను వచ్చి ఉంటే, మేస్త్రి కాఫీ తాగుతూ కొట్టు యజమాని కథ మొదలుపెట్టాడు. "ఇంత లావు మనిషి" అని చేతులు చాపాడు.

"పోయినసారి చెప్పినప్పుడు ఇంకా సన్నగా ఉండేవాడు బావగారూ" అంది మరదలు.

తమ్ముడి స్నేహితుడు కాఫీ ఒలకబోసుకున్నాడు. మేస్త్రి చెప్పులు వేసుకునేటప్పుడు మొహం కందగడ్డలా ఉంది. వాకిట్లో నిలబడే ఫోను తీసి హద్దు పెట్టాడు. తిరిగి వచ్చేదాకా ఉండనీ, కాస్త ఓపిక నేర్చుకుంటుంది అనుకున్నాడు. బయటి దొంగలెవరూ లోపలికి రాకుండా ఆ పెట్టె తలుపులు తనే గట్టిగా బిగించాడు. ఇల్లు దాటాక ఆ హద్దును తీయడం అతనివల్ల కూడా కాదు. కావాలంటే భార్యకు ఫోన్లో చెప్పి తీయించవచ్చు, అంతే.

ఆ వారంలోనే డెమో క్లాసు ఉందని, ముగ్గురు పరీక్షకుల ముందు పాఠం చెప్పి చూపించాలని మరదలు అంతకుముందే భోజనాల దగ్గర చెప్పింది. అప్పుడు అతను విన్నాడా, వినలేదా అన్నది తర్వాత ఎంత తలపట్టుకున్నా తేల్చుకోలేకపోయాడు.

ఆ డెమో ఉన్న రోజు మధ్యాహ్నం మేస్త్రి లారీ కాటా కింద గోతిలో ఉన్నాడు. చేతులనిండా గ్రీజు. జేబులో ఫోను మోగింది. తీసి చూస్తే మరదలు. పెదవి కొసన నవ్వొచ్చింది. మోగనిచ్చాడు. మళ్ళీ మోగింది. 'తెలిసొచ్చిందా' అనుకున్నాడు. మూడోసారి మోగితే మోత నొక్కేసి, ఫోను గట్టుమీద బోర్లా పెట్టి, పాట కూనిరాగం తీస్తూ పనిలో పడ్డాడు.

ఇంటికి వచ్చిన సాయంత్రం భార్య నీళ్ళ గ్లాసు చేతికిస్తూ అసలు సంగతి చెప్పింది.

"పాపం దానికి డెమో క్లాసు పాడైందండీ. పైన అందడం లేదని ల్యాప్‌టాప్ పట్టుకుని కిందికొచ్చి, మీ గుమస్తా పక్కనే స్టూలు వేసుకుని కూర్చుందట. అయినా అంతే. బొమ్మ నోరు తెరిచి ఆగిపోవడం, మాట ముక్కలవడం. ఆ ముగ్గురిలో ఎవరో, 'మేడమ్, మీరు లెక్క చెబుతున్నారో నీళ్ళలో మునిగిపోతున్నారో తెలియడం లేదు' అన్నాడట. మిగతావాళ్ళు నవ్వారట. అంతటితో అయిపోయింది. నా ఫోన్లో బాగానే వచ్చింది మరి. ఆ ల్యాప్‌టాపే పోయిందంటోంది."

మేస్త్రి నీళ్ళు తాగలేదు. గ్లాసు కిటికీలో పెట్టేశాడు. అప్పుడే మరదలు దిగివచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, అయినా పలకరించింది.

"మీరు ఉండుంటే ఇలా జరిగేది కాదు బావగారూ. మీకు ఫోన్ కూడా చేశాను. పనిలో ఉన్నట్టున్నారు."

"ఆ... గోతిలో ఉన్నానమ్మా. సిగ్నల్ లేదు" అన్నాడు.

ఆ అబద్ధం తడుముకోకుండా వచ్చేసింది. స్నానాలగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుని ఫోనులో ఆ హద్దు తీసేశాడు. బకెట్లో నీళ్ళు నిండి పొర్లిపోతున్నా కుళాయి కట్టలేదు. కొట్టువాడి కాటాను వేలెడు మొగ్గించనని సంచి సర్దుకొచ్చిన మనిషి, సొంత ఇంట్లో, నమ్మి సాయం అడిగే పిల్ల మీద ఇంత పని చేశాడు. పైగా నవ్వుకున్నాడు. ఆ గోతిలో తను నవ్వుకున్న నవ్వు గుర్తొస్తే మొహం అద్దంలో చూసుకోవడానికి కూడా సిగ్గేసింది.

అయినా చెప్పలేదు. హద్దు తీసేశానుగా, ఇక ముందు జరగదుగా అని సర్దిచెప్పుకున్నాడు. మర్నాడు బజారులో డొక్కు ఎదురుపడి ఆపాడు.

"మీ మరదలుగారు ల్యాప్‌టాప్ తెచ్చారు మేస్త్రీ. దానికి ఏ రోగమూ లేదు, గుర్రంలా ఉంది. ఆవిడ నమ్మడం లేదు. 'నేను ముట్టుకుంటేనే ఇవన్నీ పాడవుతాయి' అంటున్నారు."

మేస్త్రి ఏదో గొణిగి తప్పుకున్నాడు. ఆ మాట మాత్రం వదల్లేదు. ఇంటికి వస్తే మరదలు పై గదిలో గోడకు తగిలించుకున్న తెల్లబోర్డు విప్పుతోంది. రోజూ దానిముందు నిలబడి ఎదురుగా పిల్లలున్నట్టే పాఠం చెప్పుకునేది. కింద కూరలు తరిగేవాళ్ళకు కూడా భిన్నాలు అర్థమైపోయేవి.

"దాన్నెందుకు తీస్తున్నావు?" అని తమ్ముడు అడుగుతున్నాడు.

"గోడకి బరువు" అంది ఆమె.

మేస్త్రి ముందు భార్యకు చెప్పాడు. బట్టలు మడతపెడుతున్న ఆమె మొదట అర్థంకానట్టు చూసింది. మొదటి ఆదివారం నుంచి అంతా చెప్పాడు. ఆమె తిట్టలేదు. చేతిలోని చొక్కా మడత పూర్తిచేసి పక్కన పెట్టింది.

"ఆ రోజు నేను దానికంటే ఎక్కువ నవ్వాను కదా. నాకెన్నిసార్లు బిగించారు?"

"నీకెందుకు చేస్తాను? నీమీద ఒట్టు, ఒక్కసారి కూడా చెయ్యలేదు."

"ఏమో. నాదీ అప్పుడప్పుడు ఆగుతుంది" అంది ఆమె. "పైకెళ్ళి చెప్పండి. నాకు చెప్పి ఏం లాభం?"

మేస్త్రి మెట్లు ఎక్కాడు. తమ్ముడు, మరదలు టీ తాగుతున్నారు. "రండి బావగారూ" అని ఆమె కుర్చీ జరిపింది. అతను కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. మధ్యలో తమ్ముడు "ఏంటన్నయ్యా, పరాచికాలా?" అని నవ్వబోయి, అన్న మొహం చూసి ఆగిపోయాడు. మరదలు టీకప్పు వైపు చూస్తూ చివరిదాకా విన్నది.

"ఒకటి చెప్పండి" అంది తర్వాత. "నేను ఫోన్ చేసినప్పుడు మీరు చూశారా?"

సిగ్నల్ లేదన్న మాట ఇంకా నాలుక మీదే ఉంది. ఎవరికి తెలుస్తుంది?

"చూశాను" అన్నాడు.

"మూడుసార్లూనా?"

అతను తలవంచుకున్నాడు. ఆమె కప్పు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది, చాలాసేపు ఆగలేదు.

"అన్నయ్యా, నువ్వు కిందికెళ్ళు" అన్నాడు తమ్ముడు. ఎప్పుడూ ఎత్తని గొంతు ఇప్పుడూ ఎత్తలేదు, కానీ అన్న మొహంలోకి చూడలేదు.

పోయినదాన్ని ఎలాగైనా తెచ్చివ్వాలని మేస్త్రి తెగ ఆరాటపడ్డాడు. ఎవరికీ చెప్పకుండా ఆ పాఠాల సంస్థ ఆఫీసు వెతుక్కుంటూ వెళ్ళాడు. అద్దాల గదిలో కూర్చున్న పెద్దమేడమ్‌కు జరిగింది జరిగినట్టు చెప్పాడు. తప్పు నాది, ఆవిడకు ఇంకో అవకాశం ఇవ్వండి అని చేతులు జోడించాడు. ఆవిడ కళ్ళజోడు తీసి అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"ఇంట్లో మనిషికి మీరే అలా చేశారా?"

పక్క బల్లల దగ్గర టైపు చేస్తున్నవాళ్ళ చేతులు ఆగాయి.

"ఖాళీలు నిండిపోయాయండీ. మళ్ళీ పిలిచినప్పుడు అందరిలాగే ఆవిడా రావచ్చు. ఆవిడ వస్తే చాలు, మీరు రానక్కర్లేదు."

ఈ సంగతి మరదలికి తెలిసినప్పుడు మొదటిసారి ఆమె గొంతు లేచింది. మెట్లమీద సగంలో నిలబడి అడిగింది.

"నా తరఫున మాట్లాడమని మిమ్మల్ని ఎవరడిగారు? అప్పుడు మీ ఇష్టం వచ్చినట్టు ఆపారు, ఇప్పుడు మీ ఇష్టం వచ్చినట్టు ఇప్పిద్దామనుకున్నారు. మధ్యలో నన్ను ఒక్క మాట అడగరా?"

బాగుచేయబోయి కూడా తను చేసింది అదే పని అని అప్పటిదాకా మేస్త్రికి తట్టలేదు.

ఆ నెలలోనే పైఅంతస్తుకు వేరే నెట్టు వేయించుకున్నారు. కంపెనీ మనిషి వచ్చి గోడకు కొత్త తీగ కొట్టి, అరచేతిలో పట్టే రౌటరు పెట్టి వెళ్ళాడు. అది ఆగుతుంది, లేస్తుంది, మళ్ళీ ఆగుతుంది. పైన ఎవరూ ఫిర్యాదు చేయలేదు. వంట మాత్రం కలిసే సాగింది. మరదలు అతనికి వడ్డించేది, కూర కావాలా అని అడిగేది, కావాలంటే వేసేది. అంతకు మించి మాట్లాడేది కాదు. మేస్త్రి ఆ పెట్టె పాస్‌వర్డు మార్చి భార్య చేతికిచ్చి, నువ్వే ఉంచుకో అన్నాడు. ఆమె తీసుకుంది. తన ఫోను ఆగినప్పుడల్లా మాత్రం ఇంకా అతనివైపు ఒక చూపు చూస్తుంది. తను చూసిందని ఆమెకే తెలియదేమో, అతనికి తెలుస్తుంది.

మరదలు మరో సంస్థకు అర్జీ పెట్టుకుంది. డెమో బాగా జరిగింది. ఉద్యోగం వచ్చింది. ఆ కబురు మేస్త్రికి భార్య ద్వారా తెలిసింది. పైకెళ్ళి సంతోషం చెబుదామని రెండు మెట్లెక్కి, మళ్ళీ దిగివచ్చేశాడు.

ఒక మధ్యాహ్నం వీధిలో ఎవరో గొయ్యి తవ్వుతూ పైఇంటి తీగ తెంపేశారు. మరదలి క్లాసు మొదలయ్యే వేళ. కింద గుమస్తా ఎప్పటిలాగే నిక్షేపంగా నడుస్తోంది. మేస్త్రి ముందుగదిలో ఒక చిన్న కాటా విప్పుకుని కూర్చున్నాడు. భార్య అతని పక్కనే ఉల్లిపాయలు ఒలుస్తోంది. మరదలు ల్యాప్‌టాప్ గుండెకు హత్తుకుని గబగబా దిగింది. చివరి మెట్టు మీద ఆగింది. ఆ పెట్టె ఆమె మోకాలికి తగిలేంత దగ్గరలో ఉంది. వాడుకో అమ్మా అందామని మేస్త్రికి నోటిదాకా వచ్చింది. ఇప్పుడు పాస్‌వర్డు మీ అక్క దగ్గరే ఉందని చెప్పాలనుకున్నాడు.

ఆమె ఎవరివైపూ చూడకుండా చెప్పులు వేసుకుని, మండుటెండలో వీధి దాటి, ఎదురింటి దర్జీ కొట్టులోకి వెళ్ళింది. దర్జీ భార్య కుట్టు మిషను పక్కకు జరిపి ఆమెకు చోటిచ్చి, తమ నెట్టు కలిపిచ్చింది. కాసేపటికి కిటికీలోంచి ఆమె గొంతు సన్నగా వినిపించసాగింది. ఎవరో పిల్లలకు భిన్నాలు చెబుతోంది.

మేస్త్రి చేతిలోని స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది.

"వీధి తలుపు తీసి ఉంచండి" అంది భార్య తలెత్తకుండా. "ఎండన పడి వస్తుంది."

అతను లేచి తలుపు బార్లా తెరిచాడు. విప్పిన కాటా ముక్కలన్నీ ఒక పళ్ళెంలోకి ఎత్తుకుని పెరటి వసారాలోకి వెళ్ళి కూర్చున్నాడు. ఆమె తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగా తన మొహం ఉండకూడదని.